మా ఆటలోకి లారీ ఎలా వచ్చింది?

గేమ్ జామ్ అంటే గడువు పెట్టుకుని ఆట తయారు చేయడం. ఇచ్చిన అంశం మీద, ఇచ్చిన గంటల్లోపల, ఆడడానికి వీలైన ఆట ఒకటి సిద్ధం కావాలి. 2002లో మొదలైన లుడుమ్ డేర్‌లో ఒంటరిగా పోటీ చేసేవాళ్లకు 48 గంటలు గడువు. 2009 జనవరిలో మొదలైన గ్లోబల్ గేమ్ జామ్ ఒకేసారి ఎన్నో దేశాల్లో జరుగుతుంది. జబల్‌పూర్‌లోని మా బడిలో కంప్యూటర్ మేడమ్ మాకు ఒక శనివారం, ఒక ఆదివారం ఇచ్చారు. అంశం "ఒక్కటే".

మేం తొమ్మిదో తరగతి వాళ్లం, నలుగురం. ఇద్దరి ఇళ్లలో తెలుగు, ఒకరింట్లో ఒడియా, ఒకరింట్లో మలయాళం. అందుకే ఆటలో ఒక్క అక్షరం కూడా ఉండకూడదనుకున్నాం. ఏ భాష పిల్లలైనా చూసి అర్థం చేసుకోవాలి. స్క్రాచ్‌లో తయారు చేశాం. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ వాళ్లు 2007లో అందరికీ ఉచితంగా ఇచ్చిన సాధనం అది. అడ్డం 480, నిలువు 360 చుక్కలు ఉండే ఆ చిన్న తెరలో, పాతకాలపు వీడియో గేముల్లో లాగా గళ్లు గళ్లుగా కనిపించే బొమ్మలు గీశాం.

కథ చిన్నది. ఒక పాప, ఆమెకు ఒక్కటే ట్రంకు పెట్టె, ఆరు గదులు. పెట్టెను తోయవచ్చు, దాని మీదికి ఎక్కి దూకవచ్చు. నేల మీది బటన్ మీదికి తోస్తే తలుపు తెరుచుకుంటుంది. ఐదో గదిలో చిక్కు ఏమిటంటే, పెట్టె బటన్ మీద ఉన్నంతసేపే తలుపు తెరిచి ఉంటుంది. కాబట్టి పెట్టెను అక్కడే వదిలి పాప ఒక్కతే ఆరో గదిలోకి వెళ్లాలి. అక్కడ జెండా ముట్టుకుంటే ఆట పూర్తి.

జామ్ అయ్యాక అసలు పని మొదలైందని చెప్పాలి. వారం రోజులు మధ్యాహ్నం భోజనం బెల్లులో వేరే తరగతుల పిల్లలను పిలిచి ఆడించాం. నియమం ఒక్కటే: ఆడేవాళ్ల పక్కన కూర్చోవాలి, నోరు విప్పకూడదు. ఒక నోటుబుక్కులో మధ్యగా గీత గీసి, ఎడమవైపు వాళ్లు అన్న మాట, కుడివైపు వాళ్లు చేసిన పని రాసుకున్నాం.

ఈ రెండు వైపులూ చాలాసార్లు కలవలేదు. "దూకడం పని చేయట్లేదు" అని ఎడమవైపు నాలుగుసార్లు ఉంది. కుడివైపు చూస్తే, నలుగురూ గట్టు చివరిదాకా పరుగెత్తి, కాలు గాలిలోకి వెళ్లాక స్పేస్ నొక్కారు. కంప్యూటర్ లెక్కలో అప్పటికే వాళ్లు నేల మీద లేరు. పిల్లల లెక్కలో ఇంకా ఉన్నారు. దీనికి ఆటలు తయారు చేసేవాళ్ల దగ్గర పాత ఉపాయం ఉంది. కాలు గట్టు దాటాక కూడా కొద్ది క్షణం దూకడానికి అనుమతి ఇస్తారు. కార్టూన్లో నక్కలాంటి కొయోటీ కొండ అంచు దాటినా కాసేపు గాల్లోనే పరుగెడుతుంది కదా, అందుకని దాన్ని కొయోటీ టైమ్ అంటారు. స్క్రాచ్‌లో సెకనుకు 30 ఫ్రేములు. మేం మూడు ఫ్రేములు, అంటే సెకనులో పదో వంతు ఇచ్చాం. మర్నాడు వాళ్లే ఆడి, "ఇప్పుడు పాప వేగంగా పరుగెడుతోంది" అన్నారు. వేగాన్ని మేం ముట్టుకోనే లేదు! నొప్పి ఎక్కడుందో ఆడేవాళ్లకే తెలుస్తుంది. మందు వెతకడం మాత్రం తయారు చేసేవాళ్ల పని.

నాలుగో గది గురించి పదో తరగతి అక్క "మరీ తేలిక" అంది. ఆరో తరగతి తమ్ముళ్లు "మరీ కష్టం" అన్నారు. ఇలాంటి ఆటలు ఆడి ఉన్న అక్కకు పెట్టె మీదికి ఎక్కవచ్చని ముందే తెలుసు. తమ్ముళ్లకు తెలియదు. చెప్పడానికి ఆటలో అక్షరాలు లేవు. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ మొదటి దశను ఇంకోసారి చూశాం. మారియో తెరకు ఎడమవైపు నిలబడి ఉంటాడు, కుడివైపు అంతా ఖాళీ. ఎవరూ చెప్పకుండానే మనం కుడికి నడుస్తాం. కొంచెం దూరం వెళ్లగానే ఒక శత్రువు ఎదురొస్తుంది, దూకడం నేర్చుకుంటాం. అదే పద్ధతిలో మా రెండో గదిలో పెట్టెను ఎత్తైన గట్టుకు ఆనించి పెట్టాం. ఎక్కితే తప్ప ముందుకు దారి లేదు. నాలుగో గదిని మార్చలేదు, కానీ తర్వాత దాన్ని ఎవరూ కష్టమనలేదు.

ఐదో గది గురించి ఎవరూ ఏమీ అనలేదు, ఒక్క చెల్లి తప్ప. ఆరో తరగతిలో చేరి వారం కూడా కాలేదు. వాళ్ల నాన్నగారికి తేజ్‌పూర్ నుంచి బదిలీ అయింది. ఆ చెల్లి పెట్టెను బటన్ మీదికి తోసింది, తలుపు తెరుచుకుంది, కానీ లోపలికి వెళ్లలేదు. పెట్టెను వెనక్కి లాక్కుపోయే దారి కోసం బెల్లు అయ్యేదాకా వెతికింది. "పెట్టెను వదిలేసి వెళ్లవచ్చు" అని చివరికి మాలో ఒకరం నియమం తప్పి చెప్పేశాం. "తెలుసు. మా సామాను లారీ ఇంకా రాలేదు. నా పుస్తకాలన్నీ అందులోనే ఉన్నాయి" అని హిందీలో మెల్లగా అంది.

ఆ మాట ఏ వైపు రాయాలో మాకు తెలియలేదు. సాయంత్రం మా నలుగురికీ వాదన జరిగింది. పెట్టెతో సహా వెళ్లే దారి పెడదామని ఒకరన్నారు. అలా అయితే చిక్కుముడే ఉండదు, ఆట పోతుందని ఇంకొకరన్నారు. మార్చి తర్వాత భువనేశ్వర్ వెళ్లిపోతున్న మా ఒడియా మిత్రుడు అంతసేపూ మాట్లాడలేదు. చివరికి, "బదిలీలో ఏం జరుగుతుంది? మనం రైల్లో ముందు వెళ్తాం, సామాను తర్వాత లారీలో వస్తుంది. అదే పెడదాం" అన్నాడు.

ఐదో గది అలాగే ఉంది. ఆరో గదిలో జెండా తీసేశాం. పాప వెళ్లి ఖాళీ గది మధ్యలో కూర్చుంటుంది. కొన్ని క్షణాలు ఏమీ జరగదు. తర్వాత ఎడమవైపు నుంచి లారీ వచ్చి పెట్టెను దింపుతుంది. ఆట అక్కడితో పూర్తి. ఆ చెల్లి ఆడి ఏమీ అనలేదు. లారీ రావడం చూడడానికి మూడుసార్లు ఆడింది. కుడివైపు అంతే రాసుకున్నాం.

సొంతంగా కట్టిన గదిలో దారి ఎటో కట్టినవాళ్లకు ముందే తెలుసు. కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కడ ఆగిపోతారో వాళ్లకు కనిపించదు. మనలో చాలామందికి మాత్రం రెండు మూడేళ్లకోసారి కొత్త గదిలోకి నడవడం అలవాటే. ఆట తయారు చేస్తే ముందుగా కొత్తవాళ్లను పిలిచి ఆడించండి, మాట్లాడకుండా చూడండి. బడిలో మాత్రం ఆ నియమం పనికిరాదు. మీ తరగతిలో ఎవరైనా కొత్తగా చేరితే, మంచినీళ్ల కుళాయి ఎక్కడుందో నోరు విప్పి చెప్పండి. లారీ వచ్చేదాకా మీ పుస్తకాలు ఇవ్వండి.