ఇద్దరు లింగయ్యలు, ఒక డీసమ్

మొన్న ఆఫీసులో కొత్తగా చేరిన ఒకబ్బాయి వచ్చి "సమ్‌ఇఫ్‌కీ డీసమ్‌కీ తేడా ఏంటన్నా? రెండూ ఒకటే కదా" అని అడిగాడు. ఒకటి కాదు తమ్ముడూ, ఆ తేడా ఖరీదు మూడు వేల రెండొందలు అన్నాను. వాడికి అర్థం కాలేదు. ఏదో జోకేశాననుకుని నవ్వి వెళ్లిపోయాడు. అప్పటినుంచీ ఇది రాయాలని ఉంది.

మాది లింగాల. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా, 2016 నుంచి నాగర్‌కర్నూల్. నల్లమల అంచున ఉంటుంది. సలేశ్వరం జాతరకి చైత్ర పౌర్ణమప్పుడు అప్పాయిపల్లి మీదుగా అడవిలోకి వెళ్లినవాళ్లకి మా ఊరు తెలిసే ఉంటుంది. అక్కడున్న దేవుడు లింగమయ్య. అందుకే అనుకుంటా, మా వైపు లింగయ్యలకి, లింగమ్మలకి కొదవ లేదు. క్లాసులో లింగస్వామీ అని పిలిస్తే ముగ్గురం లేచేవాళ్లం (అవును, నేనూ ఆ బాపతే. ఆఫీసులో స్వామి అంటారు). ఈ పేర్ల గోల ఎందుకంటే అసలు కథంతా అక్కడే ఉంది.

మాకు నాలుగెకరాలు. నాయిన ఇంకో ఆరెకరాలు కౌలుకి తీసుకుని మొత్తం పత్తి పెడతాడు. ఏరడానికి ముప్పై మంది దాకా కూలీలు వస్తారు. కిలోకింత అని లెక్క. సాయంత్రం కాంటా పెట్టి ఎవరు ఎన్ని కిలోలు ఏరారో నాయిన ఒక లాంగ్ నోట్‌బుక్కులో రాస్తాడు. మధ్యలో అవసరానికి ఎవరైనా అడ్వాన్సు తీసుకుంటే అదీ అందులోనే. ఆఖర్న కూర్చుని ఒక్కొక్కరి పేరు వెతుక్కుంటూ కూడి, అడ్వాన్సు తీసేసి, మిగిలింది చేతిలో పెడతాడు. ఈ కూడికలకి రెండు రాత్రులు పట్టేది.

2023 డిసెంబరులో సెలవు పెట్టి ఊరికెళ్లినప్పుడు నాకు బుద్ధి పుట్టింది. రోజూ లక్షల రికార్డులతో కుస్తీ పట్టేవాణ్ణి, ముప్పై మంది లెక్క ఎంతసేపు అనుకున్నా. పాత లాప్‌టాప్ తీసి నోట్‌బుక్కులో ఉన్నదంతా ఎక్కించేశా. తేదీ, పేరు, కిలోలు, అడ్వాన్సు: నాలుగే కాలమ్స్. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టా. లింగయ్యలు ఇద్దరున్నారు కాబట్టి పెద్దాయనకి ఉత్త లింగయ్య అనీ, చిన్నాయనకి "లింగయ్య చి" అనీ పెట్టా. (పేర్లు మార్చానని వేరే చెప్పక్కర్లేదుగా. మా ఊళ్ళో ఏ పేరు పెట్టినా ఎవరికో తగుల్తుంది.)

ఇక ఫార్ములా. మామూలు మనిషైతే సమ్‌ఇఫ్ రాసి ఊరుకునేవాడు. నేను డేటాబేస్ మనిషిని కదా, డీసమ్ వాడా. ఈ డీ ఫంక్షన్ల గురించి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ఇవి చాలా పాతవి. 1983లో వచ్చిన లోటస్ 1-2-3లోనే ఉన్నాయి, ఎక్సెల్ అక్కణ్నుంచి తెచ్చుకుంది. మూడు ఇవ్వాలి: పట్టిక ఎక్కడుంది, ఏ కాలమ్ కూడాలి, షరతులు ఎక్కడున్నాయి. షరతుని ఫార్ములాలో రాయరు, విడిగా సెల్స్‌లో రాస్తారు. పైన కాలమ్ పేరు, దాని కింద కావలసిన విలువ. ఒకే వరసలో పక్కపక్కన రాస్తే "ఇదీ, అదీ" రెండూ కుదరాలని, కింది వరసలో రాస్తే "ఇదైనా, అదైనా" అని అర్థం. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. పేరు అనే హెడ్డింగు కింద ఒక సెల్, అందులో కూలీ పేరు కొట్టగానే కిలోలు, కూలి, అడ్వాన్సు, ఇవ్వాల్సింది అన్నీ చిట్టీ లాగా వచ్చేస్తాయి. ఆ సెల్ ఖాళీగా వదిలేస్తే అందరి మొత్తం వస్తుంది. అది భలే సదుపాయం అనుకున్నాను అప్పుడు. షరతు లేకపోతే అన్నీ లోపలికి రానిచ్చేసే ఫంక్షను షరతు ఉన్నప్పుడు మాత్రం ఎంత గట్టిగా ఉంటుందన్న అనుమానం రావాల్సింది. రాలేదు. మూడు నాలుగు పేర్లు కొట్టి నోట్‌బుక్కుతో సరిచూశా, సరిపోయాయి. మన భాషలో చెప్పాలంటే యూనిట్ టెస్టింగ్ అయిపోయింది :)

సంక్రాంతికి ముందు ఆదివారం లెక్కలు. మా అరుగు మీద నేను లాప్‌టాప్‌తో, పక్కన నాయిన డబ్బుతో. ఒక్కొక్కరూ వస్తున్నారు, నేను పేరు కొడుతున్నా, అంకె చదువుతున్నా. నాయిన మొహంలో ఆ గర్వం చూడాలి. లింగయ్య తాత వచ్చాడు. పేరు కొట్టా. 460 కిలోలు, కిలో పన్నెండు చొప్పున 5,520. అడ్వాన్సు 6,500. అంటే ఆయనే మాకు 980 బాకీ.

"నేను పదిహేను వందలే తీస్కున్న గదా బిడ్డా" అన్నాడు.

"లేదు తాతా, ఆరు వేల ఐదొందలు చూపిస్తుంది."

ఆయన నాయిన వైపు చూశాడు. నాయిన ఒక నిమిషం ఆగి, "యాదికి లేదేమో లింగన్నా. పిల్లగాడు నేను రాసిందే ఎక్కించిండు, కంప్యూటరు తప్పెట్ల చెప్తది?" అన్నాడు. నోట్‌బుక్కు ఇంట్లోనే, బీరువా మీదే ఉంది. తీసి చూద్దామని ఎవరికీ అనిపించలేదు, ముఖ్యంగా నాకు. తాత ఇంకేం మాట్లాడలేదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. చదువు రాని మనిషి, తెర మీద ఉన్న అంకెతో ఏమని వాదిస్తాడు?

తప్పు పట్టుకుంది మా అమ్మ. రాత్రి అన్నం పెడుతూ ఎవరెవరికి ఎంతిచ్చారని అడిగింది. చెప్తుంటే మధ్యలో ఆగి, "ఆ ముసలాయన 460 కిలోలు ఏరిండా? వచ్చిందే ఏడు రోజులు. నేనే దినానికి యాభై దాట" అంది. ఏడుతో భాగించి చూశా. రోజుకి అరవై అయిదు పైనే. అన్నం వదిలేసి లాప్‌టాప్ తెరిచా.

డీసమ్ షరతులో మామూలుగా ఒక పేరు కొడితే అది "సరిగ్గా ఈ పేరు" అని అనుకోదు. "ఈ అక్షరాలతో మొదలయ్యేవన్నీ" అనుకుంటుంది. ఎస్‌క్యూఎల్‌లో చెప్పాలంటే మనం ఈక్వల్ అనుకున్న చోట అది లైక్ పెట్టి చివర పర్సెంటు గుర్తు తగిలిస్తుంది. కాబట్టి లింగయ్య అని కొడితే "లింగయ్య చి" కూడా వచ్చేశాడు. పెద్దాయన 310 కిలోలు, అడ్వాన్సు 1,500. చిన్నాయన 150 కిలోలు, భార్య ఆపరేషన్‌కని తీసుకున్న అడ్వాన్సు 5,000. రెండూ కలిపి పెద్దాయన నెత్తిన పెట్టా. నిజానికి ఆయనకి మేమే 2,220 ఇవ్వాలి. చిన్నాయన చిట్టీ మాత్రం సరిగ్గానే వచ్చింది. ఎందుకంటే "లింగయ్య చి"తో మొదలయ్యేవాడు ఆయనొక్కడే. సరిగ్గా ఆ పేరే కావాలంటే షరతు సెల్‌లో ="=లింగయ్య" అని, కోట్స్ బయట ఒకటీ లోపల ఒకటీ, రెండు ఈక్వల్ గుర్తులు పెట్టాలి. హెల్ప్ పేజీలో ఉంటుంది. ఫార్ములా పనిచేస్తున్నప్పుడు హెల్ప్ ఎవడు చదువుతాడు?

అదే సమ్‌ఇఫ్ వాడి ఉంటే ఈ గొడవ లేదు. దానికి లింగయ్య అంటే మొత్తం సెల్‌లో లింగయ్య అనే ఉండాలి, చుక్క గుర్తు పెడితే తప్ప. అయితే సమ్‌ఇఫ్ పతివ్రతేం కాదు. పేరు చివర పొరపాటున ఒక స్పేస్ పడితే ఆ వరసని లెక్కలోకే తీసుకోదు. అంటే ఎవరిదో ఒకరోజు కూలి పోతుంది, చడీ చప్పుడు లేకుండా. డీసమ్ పక్కవాడిది తెచ్చి కలుపుతుంది, సమ్‌ఇఫ్ మనది కూడా వదిలేస్తుంది. రెండిట్లోనూ ఎర్రర్ రాదు, చక్కటి అంకె వస్తుంది. నాకు భయం వేసేది అందుకే. పైగా సమ్‌ఇఫ్‌లో షరతుల రేంజి ఒక పొడవు, కూడే రేంజి ఇంకో పొడవు ఇచ్చినా ఏమీ అనదు, తనే సర్దుకుంటుంది. ఎక్సెల్ 2007తో వచ్చిన సమ్‌ఇఫ్స్ నయం, పొడవులు కలవకపోతే #వేల్యూ! అని మొహాన కొడుతుంది. షరతు సెల్ ఖాళీగా ఉంటే దాన్ని సున్నా అనుకుంటుంది, పేర్లలో సున్నా ఎవరూ ఉండరు కాబట్టి సున్నాయే వస్తుంది. కాకపోతే కూడాల్సిన రేంజి సమ్‌ఇఫ్‌లో చివర ఉంటే సమ్‌ఇఫ్స్‌లో ముందుంటుంది. ఎందుకలా పెట్టారో వాళ్లకే తెలియాలి. "ఇదైనా అదైనా" కావాలంటే మాత్రం డీసమ్ అందం సమ్‌ఇఫ్స్‌కి రాదు, సమ్‌ప్రొడక్ట్‌తో తంటాలు పడాలి. పివట్ టేబుల్ వాడొచ్చుగా అంటారు మీరు. వాడొచ్చు. తప్పు స్పెల్లింగులన్నీ వేరే వేరే వరసలుగా కనబడతాయి, అదే దాని మంచితనం. రిఫ్రెష్ కొట్టడం మర్చిపోతే నిన్నటి లెక్కే చూపిస్తుంది, అది దాని చెడ్డతనం.

ఇవి చిన్నచిన్న ఇళ్లలోనే జరుగుతాయనుకోకండి. 2020లో ఇంగ్లండులో పాత తరహా ఎక్సెల్ ఫైలు 65,536 వరసలకి మించి పట్టక, దాదాపు 16 వేల కోవిడ్ కేసులు లెక్కలోంచి జారిపోయాయి. అక్కడా ముందు ఎవరికీ ఎర్రర్ కనబడలేదు.

ఆ రాత్రే నాయినా నేనూ నోట్‌బుక్కు, డబ్బు పట్టుకుని తాత ఇంటికెళ్లాం. నాయిన దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. తాత మంచం మీద కూర్చుని ఉన్నాడు. తప్పు నాదే అని చెప్పి 2,220 చేతిలో పెట్టాను. ఆయన లెక్కపెట్టుకున్నాడు, నోటు నోటూ, రెండుసార్లు. అంతకుముందు ఎప్పుడూ మా ఇంట్లో డబ్బు లెక్కపెట్టుకుని తీసుకోలేదని తిరిగొస్తుంటే నాయిన అన్నాడు. ఆఖరి ఏరుడికి తాత రాలేదు, వేరేవాళ్ల చేనుకి వెళ్లాడు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు, అదింకా కష్టంగా ఉండింది.

తర్వాతి సీజన్‌కి షీటు మొత్తం మార్చా. పేరు మీద కూడటం మానేసి ప్రతి మనిషికీ ఒక నెంబరు ఇచ్చా. ఇదేం గొప్ప ఆలోచన కాదు. 2006లో ఉపాధి హామీ మొదలైనప్పుడే ఇంటింటికీ జాబ్‌కార్డు నెంబరు ఇచ్చారు. అది చూస్తూ పెరిగి, ప్రైమరీ కీ గురించి ఇంటర్వ్యూల్లో ప్రశ్నలడిగే నేను, ఇంటికొచ్చేసరికి పేరుతో లెక్క కట్టాను. ఇప్పుడు సమ్‌ఇఫ్స్‌తో అందరి వరసలూ ఒకే పేజీలో ఉంటాయి. అడుగున ఒక సెల్: అందరి కిలోలూ కూడి, ఎక్కించిన మొత్తంలోంచి తీసేస్తే సున్నా రావాలి. రాకపోతే ఎర్రగా అవుతుంది. మొదటిసారే ఇది పెట్టి ఉంటే 150 కిలోలు తేడా అప్పుడే దొరికేది. ఎవరికైనా చెప్పేముందు నాయిన నోట్‌బుక్కు తెరిచి అంకె చూస్తాడు, ఆ తర్వాతే నేను పైకి చదవాలి.

తాత ఆ సీజన్‌లో మళ్లీ వచ్చాడు, అమ్మ వెళ్లి పిలిస్తే. లెక్కల రోజు నేను "ఏడో నెంబరు" అని పిలిచా. నవ్వుతూనే అన్నాడు, "నాకు నెంబరెందుకు బిడ్డా, జైల్ల బెట్టినట్టు."