మూడో బల్ల గాజులు

మొన్న లాడ్ బజారులో అడుగుపెట్టగానే ఎవరో "సార్, సార్" అని పిలిచారు. అక్కడ పిలవని దుకాణం ఉండదు గనుక నేను తలతిప్పలేదు. ఈసారి పేరుపెట్టి పిలిచాడు. 2003లో మా కార్యాలయంలో మూడో బల్ల దగ్గర డేటా ఎంట్రీ చేసిన మిత్రుడు! ఇప్పుడు మేనమామ గాజుల దుకాణం చూసుకుంటున్నాడు.

ఆ కార్యాలయంలో ముప్పై కంప్యూటర్లు తమలో తాము మాట్లాడుకునేవి. అంతర్జాలంతో పొత్తు లేదు. స్పాము మా గడప తొక్కదని నాకు ధీమా. ఆ ఏటి రంజాన్ నెలలో ఒక మధ్యాహ్నం అందరి తెరల మీదా బూడిదరంగు పెట్టె లేచింది: ఇంట్లో చేసిన లక్క గాజులు, బజారు కంటే చవక, మూడో బల్ల. విండోస్‌లో 'నెట్ సెండ్' అని కొట్టి పక్కన నక్షత్రం గుర్తు పెడితే చాలు, అందరికీ చేరేది. మరునాటికి చీటీపాటలు, ప్లాట్ల అమ్మకాలు, 'పదిమందికి పంపకపోతే కీడు' మొదలయ్యాయి.

(ఇది మా ఘనతేమీ కాదు. స్పాముకు ఆద్యమని చెప్పుకునే జాబు, 1978 మేలో డెక్ సంస్థ ఉద్యోగి గ్యారీ థ్యూర్క్ సుమారు 400 మందికి పంపినది, పరిమితమైన ఆర్పానెట్‌లోనే పుట్టింది.)

ఆపమని పైవారి ఆజ్ఞ. నేను ఒక్కో యంత్రం దగ్గరికీ వెళ్ళి మెసెంజర్ సర్వీసును కట్టేశాను. మరుసటి ఏడు మైక్రోసాఫ్టు కూడా ఎక్స్‌పీ రెండో సర్వీసు ప్యాకులో అదే చేసిందనుకోండి; బయటి జాలంలోనూ ఆ పెట్టెల బెడద అలాగే ఉండేది. అయితే బ్యాటరీ అడుగంటుతోందని యూపీయస్ చేసే హెచ్చరిక కూడా ఆ దారినే వచ్చేదన్న సంగతి నాకు తట్టలేదు. వారం తిరక్కుండా కరెంటు పోయింది. ఎవరికీ కబురు లేకుండానే సర్వరు ఆగింది. ఆనాడు ఎక్కించినదంతా పోయింది. డేటా ఎంట్రీ వారికి పుటకింతని కూలి. పండుగ ముందు ఆ నష్టం వారే భరించారు. కారణం నేనని ఎవరికీ చెప్పలేదు.

నిజానికి ప్రతి పెట్టె మీదా పంపిన యంత్రం పేరు ఉండేది. ఊరూపేరూ లేని దొంగ కాదు, పది అడుగుల దూరంలో ఉన్న మనిషి.

ఇన్నేళ్ళకు, ఆ దుకాణంలో చాయ్ తాగుతూ అతనికి చెప్పాను. కాసేపు గాజులు సర్దాడు.

"నాకు తెలుసు సార్. అప్పుడు ఒక్క మాట అని ఉంటే నేనే ఆపేవాణ్ణి కదా!"

నా దగ్గర జవాబు లేదు. ఎర్రరాళ్ళ జత ముందుకు జరిపి, "మేడమ్‌కి టూ ఫోరా, టూ సిక్సా?" అన్నాడు.

అదీ తెలియదు నాకు. ఇంటికి ఫోను చేశాను.