చిడత మోగకముందే

మా తాతగారు హరికథకులు. కాళ్ళకు గజ్జెలు, మెడలో పూలదండ, చేతిలో చిడతలు: ఆయన రూపం నాకు ఇలాగే జ్ఞాపకం. విజయనగరం చుట్టుపక్కల శ్రీరామనవమి పందిళ్ళలో ఆయన చెప్పిన కథలను 1986లో మా మేనమామ ఒక చిన్న టేప్‌రికార్డరుతో పన్నెండు కేసెట్లలోకి ఎక్కించాడు. తాతగారు గతించిన తరువాత అమ్మకు పుట్టింటి ఆస్తిగా మిగిలినవి ఆ కేసెట్లే.

2004లో నేను వాటిని కంప్యూటరులో భద్రపరచాలని పూనుకొన్నాను. తొంభై నిమిషాల కేసెట్‌ను సీడీ ప్రమాణంలో, ఏమీ తగ్గించకుండా దాచితే సుమారు 950 మెగాబైట్లవుతుంది. ఒక సీడీలో పట్టేది 700 మాత్రమే. అదే సెకనుకు 64 కిలోబిట్ల చొప్పున ఎంపీత్రీగా కుదిస్తే 43 మెగాబైట్లు చాలు. పన్నెండు కేసెట్లూ ఒకే సీడీలో ఇమిడిపోయాయి. ఆ సంబరంలో, బూజు పట్టిన కేసెట్లు ఇక ఎందుకని పాత సామానులవాడికి వేసేశాను.

అమ్మకు వినిపించాను. ఆమె కళ్ళు మూసుకొని చాలాసేపు విన్నది. "గొంతు నాన్నదే. చిడతలు మాత్రం నాన్నవి కావురా" అన్నది. పాత టేపు అరిగిపోయి ఉంటుందన్నాను. మరునాడు మళ్ళీ అదే మాట అనేసరికి, "నీకే చెవులు మందగించాయమ్మా" అన్నాను. ఆమె మారుమాట్లాడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ సీడీ ఏళ్ళ తరబడి బీరువాలోనే ఉండిపోయింది. 2018లో మంచి హెడ్‌ఫోన్ ఒకటి కొన్న తరువాత దానిని మళ్ళీ విన్నాను. "టక్" మనవలసిన చిడత "ష్టక్" అంటున్నది. చెక్క మీద చెక్క పడినట్లు లేదు, ఇసుక పోసిన నేల మీద పడినట్లుంది.

దోషం ఎక్కడిది? హెడ్‌ఫోన్‌ది కాదు, వేరే పాటలు శుభ్రంగానే వినిపిస్తున్నాయి. టేపుదేమోనని చాలా రోజులు అనుమానించాను. టేపుకు కూడా శబ్దం కంటె ముందే దాని నీడ వినిపించే జబ్బు ఒకటున్నది. చుట్టలో ఒక పొర మీది అయస్కాంత ముద్ర పక్క పొరకు అంటుకొంటుంది. కాని ఆ నీడకూ అసలు శబ్దానికీ మధ్య ఎడం చుట్ట ఒకసారి తిరిగేటంత ఉంటుంది. కేసెట్‌లో అది సుమారు ఒకటిన్నర నుండి మూడు సెకన్లు. కంప్యూటరు తెరమీద తరంగరూపాన్ని పెద్దది చేసి చూశాను. నిటారుగా లేవవలసిన గీతకు ముందు, పది ఇరవై మిల్లీసెకన్ల మేర, గరుకైన రొద అంటిపెట్టుకొని ఉన్నది. ప్రతి దెబ్బకూ అంతే. ఇది టేపు చేసిన పని కాదు, నేను చేసిన పని.

ఎంపీత్రీ మన చెవి బలహీనత మీద ఆధారపడిన విద్య. తిరునాళ్ళలో మైకు హోరుకు పక్కవాడి గుసగుస వినపడదు కదా! అలా పెద్ద శబ్దం చాటున మరుగుపడే వాటిని అది పారవేస్తుంది, మిగిలిన వాటిని ముతకగా కొలుస్తుంది. ముతక కొలతల వల్ల పుట్టే రొద కూడా ఆ పెద్ద శబ్దం చాటునే దాగాలి. సెకనుకు 44,100 కొలతలు తీసుకొన్న ధ్వనిని అది 576 కొలతల ముక్కలుగా, అంటే దాదాపు 13 మిల్లీసెకన్ల ముక్కలుగా, పరిశీలిస్తుంది. సాగే వీణానాదానికి ఈ పద్ధతి బాగా నప్పుతుంది. ముక్క నడుమ చిడత దెబ్బ పడితేనే చిక్కు. రొద ముక్క అంతటా, దెబ్బ పడని ముందు భాగంలో కూడా పరచుకొంటుంది. పెద్ద శబ్దం తరువాత చెవి కొంతసేపు మొద్దుబారి ఉంటుంది కనుక వెనుకనున్న రొద తెలియదు. ముందున్న రొదను కప్పగలిగేది కొద్ది మిల్లీసెకన్లు మాత్రమే. ఈ దోషాన్ని ప్రీ ఎకో అంటారు. దెబ్బను ముందే పసిగట్టి 192 కొలతల చిన్న ముక్కలకు మారడం దీనికి విరుగుడు. అందుకు బిట్లు ఎక్కువ కావాలి. నేను ఇచ్చిన 64లో అవి ఎక్కడివి?

జర్మనీలో ఎంపీత్రీని రూపొందించినవారిలో ముఖ్యుడైన కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బుర్గ్, సుజాన్ వేగా వాద్యాలు లేకుండా పాడిన ఒక పాటను పదేపదే వింటూ తన పద్ధతిని సరిదిద్దుకొన్నాడు. గొంతు సంగతి అది. ఇక ప్రీ ఎకోను పట్టుకోవడానికి ఇంజనీర్లు తరచుగా వాడే వాద్యం కాస్టనెట్లు. అవి స్పెయిన్ దేశపు చిడతలే! ఈ సంగతి చదివిననాడు నాకు అమ్మ ముఖం చూడడానికి సిగ్గు వేసింది. ఇంజనీర్ల పరీక్షను ఆమె పేరు తెలియకుండానే చేసింది.

"దీన్నే 320కి మార్చేద్దాం మామయ్యా" అన్నాడు మా మేనల్లుడు. నీళ్ళు కలిసిన పాలను పెద్ద బిందెలో పోసినంత మాత్రాన చిక్కబడవని చెప్పాను.

అదృష్టవశాత్తు నేను పారవేసినవి పదకొండు కేసెట్లే. పన్నెండవది మేనమామ మళ్ళీ వింటానని అంతకుముందే తీసుకువెళ్ళాడు. దానిని తెచ్చి, ఈసారి కుదించకుండా ఎక్కించాను. దోషం తెలిసినవాడికి లేనిచోట కూడా అదే వినిపిస్తుంది కనుక నా చెవిని నేను నమ్మలేదు. ఏది మూలమో, ఏది ఎంపీత్రీయో చెప్పకుండా మేనల్లుడు చిడతల భాగాన్ని పదహారుసార్లు వినిపించాడు. 64 కిలోబిట్ల దానిని పదిహేనుసార్లు సరిగా గుర్తించాను. 192 కిలోబిట్ల దానితో పోల్చినప్పుడు తొమ్మిదిసార్లే చెప్పగలిగాను. అది ఊహించి చెప్పినట్లే. ఎంపీత్రీని పూర్తిగా తప్పు పట్టే హక్కు నాకు లేదని అప్పుడే తెలిసింది. పిసినారితనం నాది.

ఆ సాయంత్రం అమ్మ చెవులకు హెడ్‌ఫోన్ తగిలించాను. తాతగారు కథ ఎత్తుకొన్నారు. అమ్మ కుడిచేతి వేళ్ళు మెల్లగా తొడ మీద తాళం వేయసాగాయి. కేసెట్ ఒక వైపు పూర్తిగా విన్నది. హెడ్‌ఫోన్ తీసి, "మిగిలినవి కూడా ఇలాగే పెట్టు" అన్నది.

పాత సామానులవాడి సంగతి అప్పుడు చెప్పాను.