మైపాడు ఇసుకలో ‘హలో... హలో!’

సినిమాల్లో హీరో వాకీటాకీ నోటిదగ్గర పెట్టుకుంటే చాలు, అవతలివాడు ఎంత దూరాన ఉన్నా పలుకుతాడు. నిజంగా పలుకుతాడా? తేల్చుకుందామని నేనూ, షూటింగుల్లో అసిస్టెంటుగా పనిచేసే మా మిత్రుడూ నెల్లూరులో బస్సెక్కి మైపాడు బీచిలో దిగాం. 2018 రూల్సు లైసెన్సు అక్కర్లేదన్న 446 మెగాహెర్ట్జ్ సెట్లు. పెట్టెమీద ‘10 కిలోమీటర్లు’ అని గొప్పగా అచ్చేశారు!

మిత్రుడు నీళ్ళవారనే ఉత్తరంగా నడిచాడు. రెండు కిలోమీటర్లదాకా గొంతు ఖంగుమంది. సరుగుడు తోపులోకి దూరాడో లేదో, గరగర! ఇసుకదిబ్బ ఎక్కాక మళ్ళీ పలికాడు. కిటుకంతా ఎత్తులోనే ఉందండీ! ఈ తరంగాలు దాదాపు మన చూపులాగే తిన్నగా పోతాయి. భూమేమో గుండ్రం. ఒడ్డున నిలబడ్డ మనిషికి సముద్రం అంచు 5 కిలోమీటర్లలోపే.

ఎండుచేపలు తిరగేస్తున్న ఒకావిడ ఇదంతా చూసి అడిగింది: “యాటకి పొయ్యిన మా ఆయనకి ఇనపడద్దా అబ్బయ్యా?”

మా నవ్వు ఆగిపోయింది. పెద్ద పడవల్లో వి.హెచ్.ఎఫ్. సెట్లుంటాయి, ఆపదలో పిలవడానికి 16వ ఛానెల్ ఉంటుంది. వాళ్ళది చిన్న పడవట. పైగా మా సెట్లు ఆ ఛానెల్ పట్టవు.

“వినపడదమ్మా” అన్నాను.

ఆవిడ కళ్ళకు చెయ్యి అడ్డంపెట్టుకుని సముద్రంవైపు చూసింది. ఆ చూపుకీ అదే హద్దు. అయినా చూస్తూనే ఉంది.