బస్సెక్కితే కడుపులో ఎందుకు దేవుతుంది?

విజ్ఞాన యాత్రకి పేర్లు ఇమ్మని టీచరు గారు అడిగితే మన తొమ్మిదో తరగతిలో ఐదుగురు ఇవ్వలేదు. ఇంట్లో పంపరు అన్నారు గాని అసలు కారణం నాకు తెలుసు. ఘాట్ రోడ్డు! బస్సులో డోకులొస్తాయని భయం, అందరూ చూస్తారని సిగ్గు. ఆ ఐదుగురి కోసమే ఇది రాస్తున్నాను. మిగతావాళ్ళు కూడా చదవండి.

మా యమ్మది కూడా ఇదే బాధ. మా తమ్ముడికి ఎడమ చెవిలో చీము కారుతుంది. విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమన్నారు. పాడేరు నుంచి సుమారు 110 కిలోమీటర్లు. నెత్తిన కట్టెలమోపు పెట్టుకుని ఏరు దాటే మనిషి మా అమ్మ. అలాంటిది ఘాట్లో నాలుగు మలుపులు తిరిగేసరికి తల వాల్చేసింది, కిటికీలోంచి కక్కేసింది. వెనక సీటాయన "ఈ కొండోళ్ళకి బస్సులెందుకు" అన్నాడట. ఆ మాట మా తమ్ముడి మంచి చెవిలో పడింది. లేకపోతే మాకు తెలిసేదే కాదు, అమ్మ చెప్పే మనిషి కాదు. సగం దారిలో దిగిపోయి వాణ్ణి చంకనేసుకుని కొండెక్కి వెనక్కి నడిచొచ్చింది. ఇంక బస్సెక్కనంది. నాలుగు నెలలు వాడి చెవి అలాగే కారింది.

ఈ సంగతి నేను సైన్సు టీచరు గారిని అడిగాను. ఆవిడ స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి, పైన ఊక చల్లి, గ్లాసుని గిర్రున తిప్పమన్నారు. గ్లాసు తిరిగింది గాని ఊక ముందు కదల్లేదు. కాసేపటికి అదీ తిరిగింది. గ్లాసు ఆపేశాక కూడా ఊక తిరుగుతూనే ఉంది! మన లోపలి చెవిలో మూడు అర్ధవర్తుల కుల్యలు ఉన్నాయి. వాటిలో ద్రవం ఉంటుంది. తల తిరిగినప్పుడు ఆ ద్రవం ఇలాగే వెనకబడి, మెదడుకి "తిరుగుతున్నాం" అని కబురు పంపుతుంది. బస్సులో మన కళ్ళు ఎదుటి సీటునే చూస్తాయి. సీటు కదలదు. కాబట్టి కళ్ళు "కదలడం లేదు" అంటాయి, చెవి "కదులుతున్నాం" అంటుంది. ఇద్దరు రెండు మాటలు చెబితే మెదడు తికమకపడుతుంది, కడుపు తిప్పుతుంది. లోపలి చెవిలో ఈ భాగం బొత్తిగా పనిచెయ్యనివాళ్ళకి ఈ వికారం రాదట. (తమ్ముడి జబ్బు మధ్య చెవిది. అది వేరు, ఇది వేరు.)

ఇప్పుడు ఆ వెనక సీటాయన వినాల్సిన సంగతి. మన పుస్తకంలో ఉన్న డార్విన్ 1831లో బీగిల్ ఓడ ఎక్కి 1836 దాకా తిరిగాడు. ఆయనకి సముద్రం మీద ఒకటే వాంతులు. ఊయల మంచంలో పడుకుని ఎండుద్రాక్ష తిని గడిపేవాడు. ఇంకొకాయన టిటోవ్, రష్యా వ్యోమగామి. 1961 ఆగస్టులో ఒక రోజుకి పైగా భూమి చుట్టూ తిరిగాడు. అంతరిక్షంలో మొదట వాంతి చేసుకున్నది ఆయనే. వాళ్ళిద్దరూ ఏ కొండోళ్ళో నాకు తెలీదు.

దసరా సెలవుల్లో అమ్మని నేనే తీసుకెళ్ళాను. ముందు రోజే నర్సమ్మ గారిని అడిగి అమ్మకి అవోమిన్ మాత్ర తెచ్చాను. అది బయల్దేరక ముందే వేసుకోవాలి, డోకు మొదలయ్యాక వేస్తే మాత్ర కూడా బయటికే వస్తుంది. నిద్రమత్తుగా ఉంటుంది, పిల్లలకి అడగకుండా వెయ్యకూడదు. ఖాళీ కడుపుతో వెళ్ళకూడదు గనక తెల్లారి కొంచెం చోడి అంబలి తాగాం. స్టాండులో పూరీలు కొనలేదు, తమ్ముడు ఏడ్చాడు. వెనక చక్రాల మీద సీట్లు ఎగరేస్తాయి కాబట్టి ముందర ఆడవాళ్ళ సీటులో కూర్చున్నాం. "డ్రైవరు చూసే చోటే చూడమ్మా, ఎటు తిరుగుతుందో ముందే తెలుస్తుంది" అన్నాను. డ్రైవరుకి డోకు రాకపోవడానికి కారణం అదే. మా పొలంలో పండిన అల్లం ముక్క బుగ్గన పెట్టుకుంది. అల్లం మంచిదే. నిమ్మకాయ సంగతి చెప్పలేను గాని చేతిలో ఏదో ఉందన్న ధైర్యం. కింద పేపరు పరుచుకుంటే డోకు రాదని మా మామ్మ పరిపించింది, దానికి కారణం టీచరు గారికి కూడా దొరకలేదు!

ఘాట్ దిగేసరికి అమ్మ ముఖం పాలిపోయింది, చెమట పట్టింది. మాడుగుల దాటాక ఒక్కసారి కవర్లో కక్కింది. కవరు ముడేసి, నోరు పుక్కిలించి, "ఇంకెంత దూరం?" అంది. దిగుతాను అనలేదు.

డాక్టరు గారు చెవి చూసి చుక్కల మందు రాశారు. వచ్చే నెల మళ్ళీ రమ్మన్నారు. ఈసారి మా అప్ప కూడా వస్తానంది. ముందు సీటు దొరకాలంటే మొదటి బస్సుకే వెళ్ళాలి. యాత్రకి పేర్లు శనివారం దాకా తీసుకుంటారు. కవర్లు నా దగ్గర పది ఉన్నాయి.