హార్మోనియం రీడూ, జపాను బండీ

మా కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో పిల్లలకు కార్ల పిచ్చి జాస్తి. కంటితో చూడకుండా, చప్పుడు విని ఏ కారు ఏ కంపెనీదో చెప్పేస్తారు. ఈమధ్య ఆరో తరగతి కుర్రవాడొకడు ఒక బొమ్మ తెచ్చి నాకు చూపించాడు. తెల్లగా, పొడుగాటి ముక్కుతో, నేలను కరుచుకున్నట్టు వున్న కారు.

"తాతగారూ, ఇది జపాను వాళ్ళ టొయోటా 2000 జీటీ. ఇంత మంచి కారు మన వీధుల్లో ఒక్కటీ కనపడదేం?" అని అడిగాడు.

మంచి ప్రశ్నే. ఆ కారును 1965లో టోకియో మోటారు ప్రదర్శనలో మొదటిసారి నలుగురికీ చూపించారు. 1967 నుంచి 1970 దాకా అమ్మారు. అన్నీ కలిపి సుమారు 350 మాత్రమే తయారైనాయి. అందుకే 2013లో అమెరికాలో ఒకదాన్ని వేలం వేస్తే పది లక్షల డాలర్లకు పైగా పలికింది. ఇక మన దేశం సంగతి చూడండి. ఆ రోజుల్లో ఇక్కడ కారు కొనాలంటే అంబాసిడరో, ఫియటో, స్టాండర్డో కొనుక్కోవాలి. దానికైనా పేరు నమోదు చేసుకుని ఏళ్ళ తరబడి కాచుకోవాలి. పైదేశపు కారు తెప్పించుకోవాలంటే అనుమతులు దొరకవు, దొరికినా సుంకం మోయలేరు. అందుచేత ఇటువంటి పందెపు జాతి కార్లు మన దాకా రావటం బహు అరుదు.

అయితే ఆ కారుకు తోబుట్టువు వంటిది ఒకటి మాత్రం మన దేశానికి వచ్చింది. కాకపోతే దానికి రెండే చక్రాలు!

అదెలాగో చెబుతాను. 2000 జీటీ మీద వుండే పేరు టొయోటాదే గాని, దాని ఇంజను పైభాగాన్ని రూపొందించిందీ, కారును కట్టి ఇచ్చిందీ యమహా కంపెనీ. లోపల డ్రైవరు ఎదుట వున్న నున్నటి చెక్క పలక కూడా యమహా వాళ్ళ పనితనమే. చెక్కపనిలో వాళ్ళది అందె వేసిన చెయ్యి. ఎందుకంటే ఆ కంపెనీ పుట్టింది మోటార్లతో కాదు, సంగీతంతో.

1887లో జపానులోని హమమత్సు అనే ఊళ్ళో, ఒక ప్రాథమిక పాఠశాలలో ఆర్గన్ పాడైపోయింది. ఆర్గన్ అంటే మన హార్మోనియానికి పెద్దక్క అనుకోండి. దాన్ని బాగుచేయటానికి తొరకుసు యమహా అనే పనివాణ్ణి పిలిచారు. ఆయన దాన్ని విప్పి, బాగుచేసి, అంతటితో ఊరుకోక, "ఇటువంటిది నేనే ఎందుకు తయారుచేయకూడదు?" అనుకున్నాడు. తయారుచేశాడు. తోటివాడొకడితో కలిసి దాన్ని కావడికి కట్టి, హకొనే కొండలు దాటి, టోకియోలోని సంగీత పాఠశాలకు మోసుకుపోయాడు. అక్కడి పండితులు వాయించి చూసి, "వస్తువు బాగానే వున్నది గాని శ్రుతి కుదరలేదు" అన్నారు. ఆయన చిన్నబుచ్చుకోలేదు. అక్కడే వుండి శ్రుతిశాస్త్రం నేర్చుకుని, తిరిగి వచ్చి రెండో ఆర్గన్ చేశాడు. బడిపంతులుగా పనిచేసినవాణ్ణి కనుక, ఒక బడిలో పాడైన వస్తువు నుంచి ఇంత కథ నడిచిందంటే నాకు కొంచెం గర్వంగానే వుంటుంది.

యమహా వారు మోటారు సైకిళ్ళు మొదలుపెట్టింది 1955లో. ఇప్పటికీ వాళ్ళ గుర్తు చూడండి: మూడు శ్రుతిదండాలు. మీ బడిలో ధ్వని పాఠానికి వాడే శ్రుతిదండమే! 1973లో వాళ్ళు ఆర్.డి. 350 అనే పందెపు రకం మోటారు సైకిలు తెచ్చారు. దాన్నే కొద్ది మార్పులతో 1983 నుంచి మన దేశంలో ఎస్కార్ట్స్ కంపెనీ "రాజ్‌దూత్ 350" అనే పేరుతో తయారుచేసింది. 347 సి.సి., రెండు సిలిండర్లు, ఆరు గేర్లు. మొదట వచ్చిన రకానికి 30.5 అశ్వాల బలం. ఆ కాలంలో మనవాళ్ళు మహా గొప్పగా చెప్పుకునే బుల్లెట్టుకు 18 అశ్వాల బలమే వుండేది. కాని రాజ్‌దూత్ 350 పెట్రోలు నీళ్ళలా తాగేది. ఆ ఖర్చుకు జడిసి జనం కొనలేదు. తరువాత పొదుపు కోసం బలం 27కు తగ్గించినా లాభం లేకపోయింది. 1980ల చివరికి వచ్చేసరికి కథ ముగిసింది. అప్పుడు వద్దన్న బండినే ఇప్పుడు దివిటీలు పట్టుకుని వెతుకుతున్నారు.

ఆ వెతికేవాళ్ళలో నా పాత శిష్యుడు ఒకడు. మాదాపురంలో కంప్యూటరు ఉద్యోగం చేస్తాడు. నా దగ్గర తొమ్మిదిలో భౌతికశాస్త్రం చదివాడు. "మాస్టారూ, ఆ బండి కొంటున్నాను, మీరూ రండి" అంటే వెళ్ళాను.

మొదట ఒక దళారి చూపించిన బండి ఎర్రగా, అద్దంలా మెరిసిపోతున్నది. మా వాడు చూడగానే డబ్బు తీయబోయాడు. నేను జేబులోంచి మెత్తటి గుడ్డలో చుట్టిన అయస్కాంతం తీశాను. ఇనుప రేకుకు అయస్కాంతం అతుక్కుంటుంది గదా! పెట్రోలు ట్యాంకు మీద పైనంతా అతుక్కుంది. అడుగున ఎడమవైపున జారిపోయింది. అంటే అక్కడ తుప్పు తిన్న రేకు మీద దళసరిగా లప్పం పెట్టి, పైన రంగు పూశారన్నమాట. అది పెద్ద తప్పేమీ కాదు, రేకు మార్చుకోవచ్చు. అసలు సంగతి తరువాత బయటపడింది. హ్యాండిలు కింద, చట్రం మెడ మీద, ప్రతి బండికీ ఒక నంబరు కొట్టి వుంటుంది. దాని మీద సుద్దముక్క రుద్ది చూశాం. అంకెలలో రెండు మిగతావాటికన్న లోతుగా వున్నాయి. చుట్టూ ఆకురాయి గీతలు కనబడుతున్నాయి. ఆర్.సి. కాగితంలో నంబరు మాత్రం చక్కగా సరిపోయింది! సరిపోయేటట్టు ఎవరో పాత అంకెలు అరగదీసి కొత్తవి కొట్టారన్నమాట. అటువంటి బండి దొంగసొత్తయినా కావచ్చు. మా వాడు డబ్బు జేబులో పెట్టుకున్నాడు.

రెండోది మూసాపేటలో దొరికింది. ఒక రిటైరైన ఫిట్టరు గారి రేకుల షెడ్డులో, టార్పాలిను కింద. పద్నాలుగేళ్ళుగా కదలలేదు. రంగు వెలిసిపోయింది, పిస్టన్లు బిగుసుకుపోయాయి, సైలెన్సరు జల్లెడయింది. కాని చట్రం నంబరు, ఇంజను నంబరు కార్ఖానాలో కొట్టినవి కొట్టినట్టే వున్నాయి. మెరిసేదానికన్న ఇదే మేలని మేమిద్దరం అనుకున్నాం. ధర మాట వచ్చేసరికి ఆ పెద్దాయన ఒక షరతు పెట్టాడు.

"బాబూ, ముక్కలు చేసి అమ్మనంటేనే ఇస్తాను."

ఆ మాట వెనుక ఒక లెక్క వున్నది. ఇప్పుడు ఈ బండి మొత్తం అమ్మితే వచ్చేదానికన్న ట్యాంకు వేరే, కార్బురేటర్లు వేరే, ఇంజను వేరే అమ్మితే ఎక్కువ వస్తుంది. అందువల్ల ఉన్నవి కూడా విడిపోయి తగ్గిపోతున్నాయి. మా వాడు మాట ఇచ్చాడు. కాగితం మీద ఏమీ రాసుకోలేదు.

ఇక బాగుచేయటం. పిల్లలూ, తుప్పు వదిలించటానికి మేము చేసిన పద్ధతి మీకు నచ్చుతుంది. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్ళు పోసి చాకలి సోడా కలిపాం. తుప్పుపట్టిన స్టాండును బ్యాటరీ చార్జరు రుణధ్రువానికీ, పనికిరాని ఇనుప ముక్కను ధనధ్రువానికీ తగిలించి, ఒకదానికొకటి తాకకుండా ముంచాం. స్టాండు చుట్టూ బుడగలు లేచాయి. మర్నాటికి తుప్పు నల్లటి పొడిగా మారి, బ్రష్షుతో రుద్దితే ఊడివచ్చింది. ఆ బుడగలలో వుండేది హైడ్రోజను, అది మండే వాయువు. కనుక ఆరుబయట, పెద్దవాళ్ళ చేతనే చేయించాలి. స్టెయిన్‌లెస్ స్టీలు ముక్క మాత్రం వాడకూడదు, దాని నుంచి విషం దిగుతుంది.

ఇంజను విప్పినప్పుడు నాకు అన్నిటికన్న ముచ్చటైన వస్తువు కనబడింది. కార్బురేటరుకూ ఇంజనుకూ నడుమ ఒక చిన్న దిమ్మ, దాని మీద పలుచటి రేకులు. వాటి పేరు రీడ్లు. హార్మోనియం రీడు వంటి పేరే! ఈ ఇంజనులో పిస్టను పైకి పోయినప్పుడు కింది గదిలో ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు రేకులు తెరుచుకుని పెట్రోలు కలిసిన గాలి లోపలికి వస్తుంది. పిస్టను దిగినప్పుడు ఆ గాలి వెనక్కు తన్నబోతుంది. వెంటనే రేకులు మూసుకుంటాయి. గాలికి దారి లేక, పక్క కాలవల గుండా పైకి, మంట పుట్టే చోటికి పోతుంది. నిమిషానికి ఆరువేల చుట్లు తిరుగుతుంటే ఆ రేకులు నిమిషానికి ఆరువేల సార్లు తెరుచుకు మూసుకుంటాయి. సెకనుకు నూరు సార్లు! హార్మోనియంలో రీడు దేనికీ తగలకుండా ఊగి పాడుతుంది, ఇక్కడ తలుపులా కొట్టుకుంటుంది, అంతే తేడా. ఆర్గన్లు చేసినవాళ్ళకు ఈ ఉపాయం సంగీతం నుంచే తట్టిందని నేననను. కాని ఆ రేకును వేలితో మీటి చూడకుండా వుండలేకపోయాను.

సిలిండర్లు గీతలు పడ్డాయి. వాటి వ్యాసం 64 మిల్లీమీటర్లు. బాలానగరులో ఒక లేతు మిషను షాపులో బోరింగు చేయించి, అర మిల్లీమీటరు పెద్ద పిస్టన్లు వేశాం. క్రాంకు పని అంతకన్న కష్టం. దాన్ని ప్రెస్సు కింద విడదీసి, కొత్త బేరింగులు వేసి, మళ్ళీ బిగించి, మొనల మధ్య తిప్పుతూ ముల్లు గడియారంతో వంకర చూస్తారు. వెంట్రుకవాసి తేడా వున్నా రాగి సుత్తితో తట్టి సరిచేస్తారు. ఆ పనిచేసిన ఆయన పదో తరగతి దాటలేదు. ఆయన చెవీ వేలూ కలిసి చేసే కొలత చూసి నేను ముక్కున వేలేసుకున్నాను. ఇటువంటి చేతులు బాలానగరులో ఇంకా వున్నాయి. ఎంతకాలం వుంటాయో!

చిన్న సామాన్ల కోసం ఆదివారాలు ఎర్రగడ్డ సంత చుట్టూ తిరిగాం. జపానులో ఈ బాధ కొంత తీరింది. 2020లో టొయోటా వారు ఆ 2000 జీటీ కారుకే కొన్ని భాగాలు మళ్ళీ కొత్తగా చేసి అమ్మటం మొదలుపెట్టారు. నిస్సాన్ వారైతే 1990ల చివర అమెరికాలో తాము ఎప్పుడో అమ్మిన 240 జడ్ కార్లను తిరిగి కొని, బాగుచేసి, మళ్ళీ అమ్మారు. మా రాజ్‌దూత్‌కు అటువంటి దిక్కు లేదు.

ఏడాది గడిచేసరికి ఖర్చు మూడు నెలల జీతం దాటింది. మా వాడికి పాప పుట్టింది, ఇంటి అప్పు వుండనే వున్నది. సరిగ్గా అప్పుడే ఒక మనిషి వచ్చి, విప్పి పెట్టిన ఇంజనూ ట్యాంకూ చూసి, ఆ రెంటికే బండి కొన్న ధరకు రెట్టింపు ఇస్తానన్నాడు. మా వాడు నా మొహం చూశాడు. నేను పలకలేదు. మాట ఇచ్చింది నేను కాదు, అప్పు తీర్చేదీ నేను కాదు. ఆ రాత్రి భార్యాభర్తలిద్దరూ కూచుని లెక్కలు వేసుకున్నారు. మర్నాడు ఆ మనిషికి లేదని చెప్పి, నెలకు ఒక్క వస్తువు చొప్పునే కొనటానికి నిర్ణయించుకున్నారు. దాంతో మరో పది నెలలు పట్టింది.

కాగితాల పని కూడా వున్నది. సొంత బండికి పదిహేనేళ్ళు నిండితే తనిఖీ చేయించి, ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. 2021లో వచ్చిన నియమాల ప్రకారం ఏభై ఏళ్ళు దాటిన బండ్లకు "వి.ఏ." అనే ప్రత్యేక నంబరు ఇస్తారు. వాటిని ప్రదర్శనలకు తిప్పవచ్చు గాని రోజూ వాడకూడదు. 1983లో వచ్చిన రాజ్‌దూత్‌కు ఆ అర్హత ఏ సంవత్సరంలో వస్తుందో మీరే లెక్క కట్టండి. నన్నడిగితే దీన్ని ఇప్పుడైనా రోజూ నడపరాదు. ఇది పెట్రోలుతో పాటు నూనె కూడా కాలుస్తుంది. వెనక వచ్చే నీలిపొగ అదే. జె.ఎన్.టి.యు. కూడలిలో ఇప్పుడున్న పొగ చాలదా?

ఇంజను మొదటిసారి పలికే రోజున మా వాడు మూసాపేట పెద్దాయనను ఆటోలో తీసుకువచ్చాడు. కాలనీ పిల్లలంతా చేరారు. నాలుగు కిక్కులకు మాట్లాడలేదు. ఐదోదానికి ఒక్కసారి దగ్గి, పొగ చిమ్మి, గణగణమని అందుకున్నది. పిల్లలు చప్పట్లు కొట్టారు. పెద్దాయన మాత్రం నవ్వలేదు. వంగి, రెండు సైలెన్సర్ల వెనకా చెరో అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని కాసేపు విన్నాడు.

"ఎడమది కొంచెం వెనకబడుతున్నది. రెండు కార్బురేటర్లూ శ్రుతి కలవలేదు. స్క్రూ డ్రైవరు ఏదీ?" అన్నాడు.