బొమ్మల పుస్తకంలో మన వలస

మొన్న సంక్రాంతికి మా తమ్ముడి కుటుంబం ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి కంబైనల్లూరు వచ్చింది. మొరప్పూరు స్టేషన్లో దిగి ఇల్లు చేరేసరికి పొద్దు గూకింది. పెట్టె తెరిస్తే చాక్లెట్లు, అమ్మకు ఉన్ని శాలువ, అన్నిటికీ అడుగున మూడు బొమ్మల పుస్తకాలు. అవి ఏడేళ్ళ పిల్లోడివి. వాడి తరగతిలో వేరే దేశాల నుంచి వచ్చిన పిల్లలు చాలామంది ఉన్నారంట. కొత్త దేశానికి వలస పోయినవాళ్ళ కథలు టీచరు చదివి వినిపిస్తే, వీడికి నచ్చినవి వాళ్ళ నాయన కొనిపెట్టినాడు.

ఆ రాత్రి అన్నాలైనాక పిల్లోడు ఒక పుస్తకం పట్టుకొని మా అమ్మ ఒళ్ళోకి చేరినాడు. "అవ్వా, చదువు."

అమ్మ పుస్తకాన్ని దూరంగా పట్టుకొని చూసి, "నాకు ఇంగ్లీషు రాదు కదా నాయనా" అనింది. సరే అని, మేము ఎప్పుడో తెప్పించి పెట్టిన తెలుగు బొమ్మల పుస్తకం ఒకటి చేతికిచ్చినాము. అమ్మ దాన్ని తిప్పి చూసి, మళ్ళా మా మొహాలు చూసింది. అమ్మ పుట్టినప్పటి నుంచి తెలుగే మాట్లాడుతుంది, కలలు కూడా తెలుగులోనే వస్తాయంటుంది. కానీ చదవను వచ్చింది తమిళమే. పిల్లోడికి తమిళం రాదు. తెలుగు సగం నోటికొచ్చు, చదవను రాదు. ఇద్దరిదీ ఒకే భాష, ఇద్దరికీ కలిసి తెలిసిన అక్షరం ఒక్కటి లేదు. ఇది మాకు తెలియని సంగతి కాదు. అయినా ఆ రాత్రి ఇద్దరినీ అట్లా చూస్తే గుండె కలుక్కుమనింది.

ఇది చదివే మన వాళ్ళలో చాలామందిది ఇదే కథ. ధర్మపురి జిల్లాలో మన తెలుగు నోళ్ళలోనే బతికింది, పలక మీదికి రాలేదు. హొసూరు వైపు తెలుగు బళ్ళున్నాయి గానీ, మేము చదివింది తమిళ బడిలో. 2006లో వచ్చిన చట్టంతో తమిళనాడులోని తెలుగు ఇళ్ళ పిల్లలకు కూడా ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. మా ఇంట్లో మాత్రం అంతకు ముందు నుంచీ అదే చదువు. దాని మీద మాకు కోపమేమీ లేదు. తమిళం మాకు అన్నం పెట్టింది, స్నేహితులనిచ్చింది. మేము తెలుగు అక్షరాలు దిద్దుకున్నది నలభై దాటినాక, గోడకు పటం తగిలించుకొని.

ఇక ఆ మూడు పుస్తకాల సంగతి.

మొదటిది యాంగ్‌సూక్ చోయ్ రాసి బొమ్మలు వేసిన 'ది నేమ్ జార్', 2001లో వచ్చింది. కొరియా నుంచి అమెరికా పోయిన పాప పేరు పలకను తోటి పిల్లలకు నోరు తిరగదు. పాప వేరే పేరు పెట్టుకుంటానంటే, పిల్లలు తలా ఒక పేరు చీటీ మీద రాసి గాజు జాడీలో వేస్తారు. చివరికి పాప, వాళ్ళవ్వ ఇచ్చిన పేరు ముద్ర చూసుకొని, తన పేరే తనకు చాలంటుంది.

ఇది వింటా తమ్ముడు ఒక మాట చెప్పినాడు. తమిళనాడులో మన ఇంటిపేరు కాగితాల మీద ఉండదు, నాయన పేరు మొదటి అక్షరమే ఇనీషియల్. ఇంటిపేరు పెళ్ళి సంబంధాలప్పుడు బయటికొస్తుంది, మళ్ళా లోపలికి పోతుంది. అక్కడి ఫారంలో కుటుంబం పేరు అడిగితే తమ్ముడు నాయన పేరు రాసినాడు. ఇప్పుడు పిల్లోడికీ అదే. బడిలో తాత పేరు పెట్టి పిలిస్తే వీడు చెయ్యెత్తుతాడు.

అమ్మ పకపకా నవ్వింది. "మొగుడి పేరు నేను ఏనాడూ నోట అనలేదు, ఆ టీచరమ్మ దినమూ పిలుస్తా ఉందా!" నవ్వి నవ్వి, కొంచెం ఆగి అడిగింది: "మరి మన ఇంటిపేరు?" తమ్ముడు జవాబు చెప్పలేదు.

రెండోది ఆలెన్ సే పుస్తకం 'గ్రాండ్‌ఫాదర్స్ జర్నీ', 1993లో వచ్చింది. అమెరికాలో బొమ్మల పుస్తకాలకిచ్చే కాల్డెకాట్ పతకం 1994లో దీనికి ఇచ్చినారు. జపాన్ నుంచి పోయి కాలిఫోర్నియాలో కాపురం పెట్టిన తాత, సొంతూరి మీద బెంగతో తిరిగి పోతాడు. పోయినాక కాలిఫోర్నియా మీద బెంగ. ఇంతలో యుద్ధం వస్తుంది, మళ్ళా పోలేకపోతాడు. మనవడూ పెద్దయి అదే దారి పడతాడు. దీన్ని తమ్ముడే తెలుగులో చెప్పినాడు. నడుమ రెండు సార్లు ఆగి నీళ్ళు తాగినాడు.

మూడోది షాన్ టాన్ 'ది అరైవల్', 2006లో వచ్చింది. ఈయన పెర్త్ పక్కన ఫ్రీమాంటిల్‌లో పుట్టినాడు, నాయన మలేషియా నుంచి అక్కడికి పోయినాయన. ఈ పుస్తకంలో కథ చెప్పే మాట ఒక్కటి లేదు. అంతా పెన్సిల్ బొమ్మలే, పాత ఫోటోల రంగులో. ఒకాయన పెళ్ళాన్నీ కూతుర్నీ విడిచి, పెట్టె పట్టుకొని తెలియని దేశం పోతాడు. ఆ దేశంలో బోర్డుల మీద కనపడే రాత కూడా టాన్ కల్పించినదే, లోకంలో ఎవరికీ చదవను రాదు. ఎంత చదువుకున్నోళ్ళైనా ఆ పేజీల్లో అక్షరం రాని కొత్తవాళ్ళే. అమ్మా, పిల్లోడూ ఆ రాత్రి మొదటిసారి సమానంగా కూర్చున్నారు.

అమ్మ చదవడం మొదలుపెట్టింది. మొదటి పేజీలో కాగితం పక్షి, గడియారం, టోపీ, పిల్ల గీసిన బొమ్మ, పెట్టె. "ఇవన్నీ వాళ్ళింటి సామాన్లు. ఏది ఎత్తుకుపోవాల, ఏది ఇడిసిపెట్టాల అని చూస్తా ఉండాడు" అనింది. ఇళ్ళ మీద పెద్ద తోక నీడ పాకే బొమ్మ దగ్గర పిల్లోడు "డ్రాగనా అవ్వా?" అన్నాడు. "కాదు నాయనా, అది భయం. మనోళ్ళూ అట్లనే వచ్చినారు." పుస్తకాన్ని ఒళ్ళో అట్లే పెట్టుకొని కానుగ చెట్టు కథలోకి పోయింది.

ఆ కథ మీకు తెలిసిందే. ఉత్తరాన ఒక రాజు మన ఇంటి ఆడబిడ్డ మీద కన్నేసినాడు. రాత్రికి రాత్రే జనం మూటలు కట్టుకొని దక్షిణానికి నడిచినారు. వెనక రాజు మనుషులు, ముందర నిండు ఏరు. గట్టున ఉన్న కానుగ చెట్టు వంగి, కొమ్మలు అవతలి గట్టుకు చాచింది. జనం దాటినాక మళ్ళా లేచి నిలబడింది. తమిళనాడులో ఎన్నో తెలుగు కులాల వాళ్ళు కొద్దికొద్ది తేడాలతో ఇలాంటి కథే చెప్పుకుంటారు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్‌లో తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ 1976లో తెచ్చిన 'గోపల్ల గ్రామం' నవలలోనూ వలస కథ చెప్పేది ఒక ముసలవ్వే. ఆయన రాసింది తమిళంలో. చరిత్ర చదివితే కారణాలు ఇంకా కనపడతాయి. విజయనగర సైన్యాలతో వచ్చినోళ్ళున్నారు, 1529లో విశ్వనాథ నాయకుడు మదురైలో పాలన మొదలుపెట్టినాక భూముల కోసం వచ్చినోళ్ళున్నారు, మగ్గం పని వెతుక్కుంటా వచ్చినోళ్ళున్నారు.

మర్నాడు పిల్లోడు అడిగినాడు: "పెద్దనాన్నా, మన కథకు బొమ్మల పుస్తకం ఏది?" లేదన్నాము. "అయితే మనమే వేద్దాం." అంగడికి పోయి పన్నెండు డ్రాయింగ్ కాగితాలు, రంగు పెన్సిళ్ళు తెచ్చినాము. మాటలు రాయొద్దని వాడే అన్నాడు, "అవ్వకు చదవను వచ్చేట్టు ఉండాల" అని.

మూటలు గీసినాడు, ఏరు గీసినాడు. రాజు దగ్గర చిక్కొచ్చింది. "రాజు ఎట్లుంటాడు?" మన ఇళ్ళలో ఆ రాజుకు ఏ మతం అంటగట్టి చెబుతారో మీకందరికీ తెలుసు. పెద్దమామ అట్లనే గీయమన్నాడు. మా చెల్లెలు వద్దనింది. పెర్త్ బడిలో వీడి పక్కన కూర్చునేది ఆఫ్ఘనిస్తాన్ నుంచి పారిపోయి వచ్చిన ఇంటి పిల్లోడు. ఈ పుస్తకం రేపు వాడికీ చూపిస్తాడు కదా, అనింది. మామకు కోపమొచ్చింది. "పెద్దోళ్ళు చెప్పింది మార్చేదానికి మనమెవరం? ఇట్ల ఒక్కొక్కటి తీసేస్తా పోతే రేపు కథ ఎక్కడుంటుంది?" మామ మాటలో న్యాయం లేకపోలేదు. ఇంటిపేరు పోయింది ఆ విధంగానే కదా.

అమ్మ పొయ్యి దగ్గర నుంచే అనింది: "ఆ రాజును ఎవరు చూసినారు? పరిగెత్తేటోళ్ళు ఎనక్కి తిరిగి చూస్తారా? ఆ ఇంకో పుస్తకంలో తోక నీడ ఉంది చూడు, అట్ల నీడ గీయి." పిల్లోడు నల్ల పెన్సిలు అరిగేదాకా నీడ దిద్దినాడు. మామ కాఫీ తాగకుండానే లేచి పోయినాడు. పశువుల పండగ నాడు మళ్ళా వచ్చినాడు గానీ, ఆ పేజీ మాత్రం తిప్పి చూడలేదు. ఇప్పటికీ ఆయన ఒప్పుకోలేదు, మేమూ బలవంతం చేయలేదు.

చివరి పేజీ దగ్గర వాడి ప్రశ్న: "మనం ఈడికి చేరిపోయినాం కదా అవ్వా? ఎండింగ్ ఏం గీయాల?" వాడు చదివిన పుస్తకాల్లో కొత్త పిల్లకు స్నేహితులు దొరికితే కథ అయిపోతుంది. మనకు ఎన్ని తరాలైందో లెక్క లేదు, అయినా కొత్తగా పరిచయమైనవాళ్ళు మన మాట విని "నీంగ తెలుంగా?" అని ఇప్పటికీ అడుగుతారు. చెడ్డగా కాదు, ఊరికే అడుగుతారు. అమ్మ చాలాసేపు ఆలోచించి, "మన ఇల్లు గీయి. అరుగు మీద నన్ను కూర్చోబెట్టు" అనింది.

గీసినాడు. ఆ బొమ్మ కింద అమ్మ వణికే చేత్తో తమిళ అక్షరాల్లో మన ఇంటిపేరు రాసింది. దాని కింద మేము తెలుగులో రాసినాము. దాని కింద వాడు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, రెండు సార్లు గట్టిగా చదువుకున్నాడు. పుస్తకం మొత్తంలో ఉన్న మాట అదొక్కటే.

జిరాక్స్ కాపీ మా దగ్గర పెట్టుకొని అసలుది వాడికిచ్చి పంపినాము. ఇప్పుడు ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో వాడు పేజీలు తిప్పుతా తెలుగులో కథ చెబుతాడు, అమ్మ తప్పులు దిద్దుతుంది. పెర్త్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు కాబట్టి మన మధ్యాహ్నం భోజనమైన వెంటనే పిలవాల, లేకుంటే వాడికి నిద్రొస్తుంది.

మీ ఇళ్ళలోనూ ఇట్లాంటి అవ్వా మనవడూ ఉంటే ఒక ఉపాయం. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్‌లో ఒకే బొమ్మల కథ చాలా భాషల్లో ఉచితంగా దొరుకుతుంది. చెన్నైలోని తులికా వాళ్ళు కూడా ఒకే పుస్తకాన్ని వేర్వేరు భాషల్లో వేస్తారు. అవ్వ చేతిలో తమిళం, పిల్లోడి చేతిలో తెలుగు, బొమ్మ మాత్రం ఇద్దరికీ ఒకటే. అవ్వ తమిళంలో చదువుకొని తెలుగులో చెబితే చాలు.

ఇంకొకటి. మా పుస్తకంలో మూటలున్న పేజీ సగం ఖాళీగా ఉంది. మన వాళ్ళు వచ్చేటప్పుడు ఏమేమి మోసుకొచ్చినారని పిల్లోడు అడిగితే, అమ్మ తిరగలి, రాగుల విత్తనం, దేవుడి పెట్టె అని మూడే చెప్పగలిగింది. మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి, వాళ్ళ మూటలో ఏముండిందో మాకు రాయండి. వాడు వచ్చే సెలవులకు పెన్సిళ్ళు తెస్తానన్నాడు.